ట్యాగ్‌లు ఎందుకు, ఎంతవరకు? మన ఫొటోలు, పాటలు ఆన్‌లైన్‌లో దాచేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇళ్లలో ఉన్న పాత ఫొటోలు, పాటల రికార్డింగులు, పెళ్లి పత్రికలు, కరపత్రాలు కొందరం కలిసి సేకరించి ఆన్‌లైన్‌లో పెడుతున్నాం. ఇచ్చినవాళ్లే తమకు తోచిన మాటలతో ట్యాగ్‌లు పెట్టాలన్నది మొదటి నుంచీ మా పద్ధతి. అది బాగా పనిచేసిన చోట్లూ ఉన్నాయి, చేతులెత్తేసిన చోట్లూ ఉన్నాయి. పదేపదే ఎదురవుతున్న ప్రశ్నలకు జవాబులు ఒక్కచోట రాసి పెడుతున్నాను.

ట్యాగ్ అంటే ఏమిటి? ఫోల్డర్ ఉంటే చాలదా?

ఒక ఫొటోకు లేదా పాటకు మీరు తగిలించే చిన్న మాటే ట్యాగ్. అదే మాట ఉన్నవన్నీ తర్వాత ఒక్క నొక్కుతో బయటికి వస్తాయి.

ఫోల్డర్‌తో ఇబ్బంది ఎక్కడో ఒక ఉదాహరణతో చెబుతాను. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవంలో సిరిమాను ముందు బెస్తవారి వల నడుస్తుంది. ఆ వల ఫొటోను ఏ ఫోల్డర్‌లో వేయాలి? పండగల్లోనా, విజయనగరంలోనా, మత్స్యకారుల జీవితంలోనా, వలలల్లే పనిలోనా? ఒకదాంట్లో వేస్తే మిగతా మూడు వైపుల నుంచి వచ్చేవాళ్లకు అది కనిపించదు. ట్యాగ్‌లైతే నాలుగూ పెట్టొచ్చు.

లైబ్రరీలలో ఈ చిక్కు ఎప్పటి నుంచో ఉంది. పుస్తకం ఒక్కటే, బీరువా ఒక్కటే. ఒక విషయాన్ని ముక్కలుగా విడదీసి ప్రతి కోణానికీ ఒక గుర్తు ఇవ్వాలని గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1933లోనే, పుస్తకాలు సర్దడానికి తయారు చేసిన తన కోలన్ వర్గీకరణలో చూపించారు. ఇప్పుడు మనం పెట్టే ట్యాగ్‌లలో ఆ ఆలోచన ఛాయ ఉంది. తేడా ఏమిటంటే, ఆయన పద్ధతికి నియమాలున్నాయి, మన ట్యాగ్‌లకు లేవు.

ఎవరికి తోచిన మాట వాళ్లు పెడితే గందరగోళం కాదా?

అవుతుంది. దాన్ని దాచిపెట్టి లాభం లేదు.

ఒకే వస్తువుకు ఇద్దరు మనుషులు ఒకే పేరు ఎంచుకునే అవకాశం 20 శాతం కూడా ఉండదని 1987లో జార్జ్ ఫర్నాస్, ఆయన తోటి పరిశోధకులు తేల్చారు. మన తీరంలో ఇది రోజూ చూస్తాం. ఒకరు వంజరం అంటారు, పక్కవారు అదే చేపను కోనెం అంటారు. పైన చెప్పిన బెస్తవారి వలనే జాలరి వల అనేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ సరిగ్గానే అన్నారు. కానీ ఒక మాటతో వెతికితే రెండో మాట ఉన్న ఫొటో రాదు.

దీనికి సాధారణంగా చెప్పే సమాధానం ఒకటుంది: జనం ఎక్కువైతే మాటలు వాటంతటవే సర్దుకుంటాయని. అందులో నిజం ఉంది. డెలీషియస్ అనే సైట్ 2003లో మొదలైంది. ఎవరి లింకులు వాళ్లు దాచుకుని, వాటికి ట్యాగ్‌లు పెట్టుకునేవాళ్లు. దాని మీద స్కాట్ గోల్డర్, బెర్నార్డో హ్యూబర్‌మన్ చేసిన పరిశీలన 2006లో అచ్చయింది. ఒక పేజీని వందమంది దాకా దాచుకున్నాక, ఏ ట్యాగ్ ఎంత వాటా అన్నది దాదాపు మారకుండా నిలబడిపోతుందని వాళ్లు గమనించారు.

అయితే మన సంగతి వేరు. జముకుల కథ రికార్డింగ్ ఒకటి పెడితే దానికి ట్యాగ్ పెట్టేది ఒకరు, మహా అయితే ఇద్దరు. వందమంది ఎక్కడున్నారు? జనం గుంపుగా వచ్చి సరిదిద్దుతారన్న నమ్మకం పెద్ద భాషల్లో, పెద్ద సైట్లలో నడుస్తుంది. మన దగ్గర ఆ ఒక్కరు ఏం రాస్తే అదే మిగిలిపోతుంది. అందుకే ఈ పేజీ ఇంత పొడుగ్గా రాయాల్సి వచ్చింది.

అలాంటప్పుడు తెలిసినవాళ్లు కూర్చుని ఒక జాబితా తయారు చేసి, అందులోంచే ఎంచుకోమంటే పోలా?

మొదట్లో మాలోనూ ఈ వాదన గట్టిగా నడిచింది. నేను వద్దన్నవాళ్లలో ఉన్నాను. కారణం చెబుతాను.

జాబితా రాసేవాళ్లకు తెలిసిన మాటలే జాబితాలో ఉంటాయి. 'జానపద కళలు' అన్న మాట ఉంటుంది. 'తప్పెటగుళ్లు' ఉండొచ్చు. ఒక ఊరి పెద్దాయన తన ఆట ఫొటోకు ఏ అడుగుకు ఏ పేరో, ఏ తల్లి పండక్కి ఆడారో రాస్తే ఆ మాటలు ఏ జాబితాలోనూ ఉండవు. పొందూరు ఖద్దరు సంగతి తీసుకోండి. 'చేనేత' అనే పెద్ద మాట కింద పెట్టేస్తే పని అయిపోయినట్టే కనిపిస్తుంది. కానీ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి శుభ్రం చేస్తారన్నది ఆ పని చేసే ఇంటివాళ్లు 'వాలుగ దవడ' అని ట్యాగ్ పెడితేనే వెతికేవాడికి చిక్కుతుంది. జాబితాలో లేదని ఆ మాట తీసేయిస్తే, ఫొటో ఉండి కూడా సగం పోయినట్టే.

శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న మొదలుపెట్టిన కథానిలయం గురించి మనందరికీ తెలుసు. రచయిత పేరు, పత్రిక, సంవత్సరం తెలిస్తే తెలుగు కథ కోసం వెళ్లడానికి అంతకంటే మంచి చోటు లేదు. ఆ పద్ధతైన జాబితాలు లేకపోతే ఎన్నో కథలు మరుగున పడేవి. అదే సమయంలో 'వలస వెళ్లినవాళ్ల ఇంట్లో ముసలివాళ్ల మీద కథ ఏదైనా ఉందా' అని అడిగే పాఠకుడికి కావాల్సింది మరో పాఠకుడు రాసిన మాట. రెండూ అవసరమే, ఒకటి రెండోదాని పని చేయలేదు.

అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2008 జనవరిలో మూడు వేలకు పైగా పాత ఫొటోలు ఫ్లికర్ అనే ఫొటోల సైట్‌లో పెట్టి, ట్యాగ్‌లు, వ్యాఖ్యలు రాయమని జనాన్ని అడిగింది. అంతమంది నిపుణులున్న సంస్థ కూడా, జనం చెప్పిన వివరాలు సరిచూసుకుని 500కు పైగా రికార్డులను మెరుగు పరుచుకుంది. ఎక్కడి వీధి, ఎవరి దుకాణం అన్నది ఆ ఊరివాళ్లకే తెలుస్తుంది మరి.

తెలుగులో ట్యాగ్ పెట్టాను. నేనే వెతికితే నాకే దొరకలేదు. ఎందుకు?

మాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. తప్పు మీది కాదు. చాలాచోట్ల కంప్యూటర్ ట్యాగ్‌ను అర్థంతో చూడదు, అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది. ఒక్క అక్షరం తేడా వచ్చినా దానికది వేరే మాట.

తప్పెటగుళ్లు అని కొందరు, తప్పెటగుళ్ళు అని కొందరు రాస్తారు. ళ కింద ల వత్తు, ళ కింద ళ వత్తు. చదివేవాళ్లం తేడా పట్టించుకోం. కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు ట్యాగ్‌లు. మా దగ్గర ఈ ఒక్క కారణంతోనే తప్పెటగుళ్ల ఫొటోలు చాలాకాలం రెండు గుంపులుగా పడి ఉన్నాయి. పండగ, పండుగ అంతే. కళింగపట్నం, కళింగపట్టణం అంతే.

ఏకవచనం, బహువచనం మరో చిక్కు. పడవ వేరు, పడవలు వేరు. దాని మీద మన భాషలో విభక్తులు మాటకే అతుక్కుంటాయి. 'పొలంలో' అని ట్యాగ్ పెడితే 'పొలం' దగ్గర అది కనిపించదు. కాబట్టి లో, కి, తో లేకుండా ఒట్టి మాట పెట్టండి.

సంధి సంగతి ఇంకా చిత్రం. సిరిమాను, ఉత్సవం కలిసి సిరిమానోత్సవం అయ్యాయి. 'సిరిమాను' చివర ఉన్న 'ను' ఇక్కడ 'నో' అయిపోయింది. కాబట్టి 'సిరిమాను' అని వెతికితే 'సిరిమానోత్సవం' రాదు, మాటలో కొంత భాగం కలిసినా చూపించే సదుపాయం ఉన్నా రాదు. ఇలాంటి పేర్లకు రెండు ట్యాగ్‌లూ పెట్టమని చెబుతున్నాం.

అన్నింటికన్నా పట్టుకోవడం కష్టమైనది కంటికి కనిపించని అక్షరం. 'ఫేస్‌బుక్' అని రాసేటప్పుడు 'స్' కింద 'బు' వత్తుగా దిగిపోకుండా మధ్యలో కనబడని గుర్తు ఒకటి పడుతుంది. కొన్ని టైపింగ్ పద్ధతుల్లో అది మాట చివర కూడా పడుతుంది. చివర పడితే తెరమీద తేడా ఏమీ ఉండదు. రెండు మాటలూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి, కానీ ఒకదాన్ని వెతికితే రెండోది రాదు. మేం 'హార్బర్' అనే ట్యాగ్ రెండుసార్లు ఎందుకు కనిపిస్తోందో తెలియక ఒక సాయంత్రమంతా బుర్ర బద్దలు కొట్టుకున్నాం. ఇలా అనుమానం వస్తే ఆ మాటను మొత్తం చెరిపేసి, పాత దాన్ని కాపీ చేయకుండా, కొత్తగా టైప్ చేయండి.

'విజయనగరం' అని వెతికితే హంపి ఫొటోలు వస్తున్నాయి.

పెద్ద సైట్లలో ఇది తప్పదు. కృష్ణదేవరాయల విజయనగరం, పూసపాటివారి విజయనగరం పేరులో ఒకటే. ఒక మాటకు రెండు అర్థాలున్నప్పుడు ట్యాగ్ ఒంటరిగా ఏమీ చెప్పలేదు, పక్కన ఇంకో మాట తోడుండాలి. విజయనగరంతో పాటు 'ఉత్తరాంధ్ర' అనో, 'గంటస్తంభం' అనో, 'పైడితల్లి' అనో కలపండి. వెతికేటప్పుడూ రెండు మాటలు కలిపే వెతకండి.

రాజాం ఫొటోకు ఏ జిల్లా పెట్టాలి?

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. అప్పటిదాకా శ్రీకాకుళం జిల్లాలో ఉన్న రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. పార్వతీపురం అయితే మరీను. 1950 ఆగస్టు 15కు ముందు విశాఖపట్నం జిల్లా, ఆ తర్వాత శ్రీకాకుళం, 1979 జూన్ 1 నుంచి విజయనగరం, ఇప్పుడు తన పేరుతోనే సొంత జిల్లా. ఊరు ఎక్కడికీ కదల్లేదు, పైన పేరే మారింది.

ఫోల్డర్లలో జిల్లా వారీగా సర్దుకున్నవాళ్లు ఆ రోజు మొత్తం తిరగేసుకోవాల్సి వచ్చింది. ట్యాగ్‌లలో ఆ బాధ లేదు. ఊరి పేరు తప్పనిసరిగా పెట్టండి, ఫొటో తీసిన నాటి జిల్లా పెట్టండి, ఇప్పటి జిల్లా కూడా పెట్టండి. పాత ట్యాగ్‌ను తప్పని తీసేయకండి. తాతగారి ఉద్యోగం కాగితం మీద ఉన్న జిల్లా పేరుతో వెతుక్కుంటూ వచ్చే మనవడికి అదే దారి.

సిక్కోలు, శ్రీకాకుళం, బ్రిటిష్ వాళ్ల కాగితాల్లోని చికాకోల్, ఇవి మూడూ అంతే. మూడూ ఉండనివ్వండి.

ఎక్కువమంది పెట్టిన ట్యాగే సరైనదని అనుకోవచ్చా?

వద్దు. ఇది నాకు బాగా పట్టింపు ఉన్న విషయం, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నాను.

ఉద్దానం అన్న మాట ఎక్కడైనా వెతికి చూడండి. దాని పక్కన వచ్చే మాటలు కిడ్నీ, డయాలసిస్. ఆ జబ్బు నిజం, అక్కడివాళ్లు పడుతున్న బాధ నిజం, దాని గురించి రాయడం అవసరం. కానీ ఉద్దానం అన్న పేరే ఉద్యానవనం నుంచి వచ్చిందని చెప్పుకుంటాం. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల నేల అది. అక్కడ పుట్టిన ఒకావిడ మాకు ఇచ్చిన ఫొటోలకు పెట్టిన ట్యాగ్‌లు 'పనసపండు', 'జీడిపిక్కలు', 'మా నూతి గట్టు'. ఆమె ఒక్కత్తీ పెట్టిన మాటలు వేలమంది పెట్టిన మాట కింద కనిపించకుండా పోతాయి. ఎక్కువసార్లు వాడిన ట్యాగ్‌ను పెద్ద అక్షరాలతో పైన చూపించే పద్ధతి బయటివాళ్ల చూపునే మళ్లీ మళ్లీ పెద్దది చేస్తుంది. అందుకని మేం లెక్క ప్రకారం వరస పెట్టడం మానేశాం. ఊరి పేరు నొక్కితే ఆ ఊరివాళ్లు పెట్టిన మాటలు ముందు వచ్చేలా చేశాం.

ఒక ఫొటోకు ఎన్ని ట్యాగ్‌లు పెట్టాలి?

నాలుగైదు చాలు. ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగే స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఒక ప్రశ్నకు ఐదుకు మించి ఒప్పుకోరు. ముప్ఫై పెడితే ప్రతి వెతుకులాటలోనూ మీ ఫొటో అడ్డం వస్తుంది, నిజంగా కావాల్సినవాడికి మాత్రం ఉపయోగపడదు. 'ఫొటో', 'బాగుంది', 'పాతది' లాంటివి వద్దు. 'అమ్మమ్మ' కూడా ఒక్కటే పెట్టకండి, మా దగ్గర ఆ మాట కింద ఎవరెవరి అమ్మమ్మలో కలిసిపోయి ఉన్నారు.

తేదీని ట్యాగ్‌గా పెట్టొచ్చా?

తేదీకి విడిగా గడి ఉంది, అందులో రాయండి. తేదీ, ఊరు, తీసినవారి పేరు, వీటిని ఒట్టి ట్యాగ్‌లకే వదిలేయకూడదని మేం కష్టపడి నేర్చుకున్నాం. తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఆ ఫొటోల్లో చాలావాటికి మాకు వచ్చిన ట్యాగ్ 'తుఫాను' ఒక్కటే. అంతకు ముందు 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ వచ్చాయి. పడిపోయిన కొబ్బరి చెట్టును చూసి ఏ తుఫానుదో ఎవరు చెప్పగలరు? తుఫాను వచ్చిన ప్రతిసారీ పాత ఫొటోలు కొత్త పేరుతో తిరిగి జనానికి టెన్షన్ పెడతాయి. తేదీ తెలియకపోతే 'తేదీ తెలియదు' అని రాయండి. ఊహించి రాయకండి.

హ్యాష్‌ట్యాగ్ కూడా ఇదేనా?

పుట్టుక ఒకటే, పని వేరు. 2007 ఆగస్టు 23న క్రిస్ మెస్సినా ట్విట్టర్‌లో మాట ముందు ఈ # గుర్తు వాడదామని ప్రతిపాదించారు. అది ఆ రోజు నడుస్తున్న మాటల్లో కలవడానికి బాగుంటుంది. పదేళ్ల తర్వాత వెతుక్కోవడానికి అంతగా పనికిరాదు. ఇంకో సంగతి, హ్యాష్‌ట్యాగ్ ఖాళీ దగ్గర ఆగిపోతుంది. 'పైడితల్లి అమ్మవారు' అని రాస్తే 'పైడితల్లి' వరకే లింకు అవుతుంది.

పెట్టకూడని ట్యాగ్‌లు ఉన్నాయా?

ఉన్నాయి. చిన్నపిల్లల పేర్లు, వాళ్ల స్కూలు వద్దు. ఫొటోలో ఉన్నవారి కులాన్ని వాళ్లు చెప్పకుండా మీరు రాయొద్దు. ఒక కళ ఏ కులంవారిదో చెప్పడం చరిత్రలో భాగం కాబట్టి దాన్ని వివరణలో రాయొచ్చు, ఒక మనిషి ముఖానికి తగిలించడం వేరు. తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టిన చోటు ఖచ్చితంగా తెలిసేలా ట్యాగ్ పెట్టకండి. తేలినీలాపురం పక్షుల్లాగా ఊరంతా కాపలా కాసే చోటైతే పర్వాలేదు.

ఇప్పుడు ఏఐ ఫొటో చూసి తనే ట్యాగ్‌లు పెడుతుంది కదా?

పెడుతుంది, కొన్నిటికి బాగానే సాయపడుతుంది. సముద్రం, గుడి, ఎద్దుల బండి అని వేరుచేయడానికి మేమూ వాడుతున్నాం. కానీ వేళ్ల మధ్య ఉన్న చిన్న ఎముక వాలుగ దవడ అని చెప్పాలంటే పొందూరు వాళ్లే చెప్పాలి. గుంపులో మూడో వరసలో నిలబడ్డది మా చిన్నాన్న అని దానికెలా తెలుస్తుంది? యంత్రం పెట్టినవి, మనుషులు పెట్టినవి వేర్వేరుగా కనిపించేలా ఉంచాం.

పెట్టిన ట్యాగ్‌లు ఎప్పటికీ ఉంటాయా?

ట్యాగ్ సాధారణంగా ఫొటోలో ఉండదు, ఆ సైట్ లెక్కల పుస్తకంలో ఉంటుంది. పైన చెప్పిన డెలీషియస్ చేతులు మారి మారి, 2017లో పిన్‌బోర్డ్ అనే అలాంటి సైటే కొనేసరికి కొత్తగా ఏమీ చేర్చడానికి వీల్లేకుండా ఆగిపోయింది. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే లోపల దాచిన వివరాలు కూడా రాలిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే నిలుస్తాయి. మాకు పంపేటప్పుడు అలాగే పంపండి. మేం నెలకోసారి మొత్తం ట్యాగ్‌లను ఒక మామూలు పట్టికగా తీసి రెండు చోట్ల దాస్తున్నాం.

నేను రాసిన మాటను మీరు మార్చేస్తారా?

మార్చం. మీ మాట మీ మాటగానే ఉంటుంది. వెనకాల మాత్రం దాన్ని దాని జతతో కలుపుతాం. వంజరం అని వెతికినా కోనెం ఫొటో వస్తుంది, తప్పెటగుళ్లు అన్నా తప్పెటగుళ్ళు అన్నా ఒకటే గుంపు వస్తుంది. అభిమానులు రాసుకునే కథలు దాచే ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ సైట్‌లో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు ఇదే చేస్తారు. రాసేవాళ్లు ఏ మాటైనా రాస్తారు, వీళ్లు ఒకే అర్థం ఉన్నవాటిని ముడివేస్తారు. చాకిరీ ఎక్కువ, దీనికి అడ్డదారి మాకు దొరకలేదు. మా దగ్గర ఈ పని ఆదివారాలు నలుగురం చేస్తున్నాం. ఇంకా మనుషులు కావాలి, ముఖ్యంగా చేపల పేర్లు, వడ్ల రకాలు, సవర మాటలు తెలిసినవాళ్లు.

ఫొటో ఉంది, అందులో ఎవరున్నారో ఏమిటో తెలియదు. ఏం రాయాలి?

'తెలియదు' అని ట్యాగ్ పెట్టి పంపండి. అది ఖాళీ కన్నా ఎంతో మేలు, ఎందుకంటే ఆ ఒక్క మాట నొక్కితే తెలియనివన్నీ వరసగా వస్తాయి. మేం వాటిని ఫోన్‌లో పట్టుకుని పెద్దవాళ్ల దగ్గరికి వెళ్తాం. మొన్న శ్రీముఖలింగం వైపు ఒక మామ్మగారికి అలాంటివి చూపిస్తుంటే, చెరువు గట్టు మీద నలుగురు ఆడవాళ్లున్న ఫొటో దగ్గర ఆగమన్నారు. మనుషుల్ని ఆవిడ గుర్తుపట్టలేదు. గట్టు మీదున్న రాయిని గుర్తుపట్టారు. 'చాకిరేవు బండ' అన్నారు. ఆ మాటే రాశాం, 'తెలియదు' కూడా అలాగే ఉంచాం, ఆ నలుగురి కోసం.